గేర్ సైకిల్ బిగింపు నుంచి గుట్ట బాట దాకా: ఆసుపత్రి అవసరం రాకుండా తొక్కేదెలా?

2021 లాక్‌డౌన్‌లో స్కూళ్లు లేవు, గ్రౌండ్లకు తాళాలు పడ్డాయి. పిల్లలు ఏడాదికి పైగా ఫోన్ ముందే కూర్చున్నారు. అందుకే 2020 నుంచి మన ఇళ్లలోకి గేర్ సైకిళ్లు బాగా వచ్చాయి. ఈదీ డబ్బులు కూడబెట్టుకుని కొన్న పిల్లలున్నారు. షుగర్, బీపీ తగ్గించుకోవాలని డాక్టర్ చెబితే కొన్న నాన్నలున్నారు. వీటిలో ఎక్కువ భాగం లావు టైర్లు, ముందు షాకప్‌లు ఉన్న మౌంటెన్ బైకులే. షాపుల్లో వీటినే ఎంటీబీ అంటారు. చేతిలో అలాంటి సైకిల్ ఉంటే కుర్రాళ్ల చూపు కాలనీ రోడ్డు మీద ఆగదు, గుట్టల వైపు పోతుంది.

పోవడం తప్పు కాదు. కానీ 2021 జూన్ మొదటి వారంలో పరిస్థితి వేరు. అప్పటికి ఆసుపత్రుల్లో రద్దీ పూర్తిగా తగ్గలేదు. మామూలు రోజుల్లో మణికట్టు విరిగితే పట్టీ వేయించుకుని వస్తాం. అప్పుడు అదే మణికట్టు కోసం కోవిడ్ పేషెంట్లు తిరిగే క్యాజువాలిటీలో గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చేది. తోడుగా అబ్బానో అమ్మీనో ఉండాలి. వాళ్లు తిరిగొచ్చేది నానమ్మ, తాతయ్య ఉన్న ఇంటికే. అంటే ఒక్కరు పడితే ఇంటిల్లిపాదికీ ప్రమాదం. కాబట్టి అలాంటి రోజుల్లో ఎంత దూరం తొక్కాం, ఎంత ఎత్తు ఎక్కాం అనేది లెక్క కాదు. ఎవరి సాయం అవసరం లేకుండా ఇంటికి తిరిగొచ్చామా లేదా అన్నదే లెక్క. దానికి సగం పని ఇంట్లోనే, పానా చేతిలో పట్టుకుని చేసుకోవచ్చు. మిగతా సగం బాట మీద మన నిగ్రహం.

అప్పటి రూల్స్

తెలంగాణలో 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్‌లో మొదట ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు ఉండేది. మే 31 నుంచి దాన్ని మధ్యాహ్నం 1 గంట దాకా పెంచారు. ఇళ్లకు చేరుకోవడానికి ఇంకో గంట ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉండేది. రెండు చోట్లా ఉదయం 6కి ముందు బయటికి రాకూడదన్న నియమం ఉండేది. ఫజ్ర్ నమాజు అయిపోయాక చల్లగా ఉంది కదా అని వెంటనే సైకిల్ తీయడం చాలామందికి అలవాటు. అప్పుడది కుదరలేదు. ఆ గంటన్నర సమయం సైకిల్‌కు గాలి చూసుకోవడానికీ, చైన్ తుడుచుకోవడానికీ వాడుకోండి.

ఇంకో సంగతి. సడలింపు టైముంది కదా అని చివరి దాకా గుట్ట మీద ఉండకండి. దారిలో పంక్చరైతే సైకిల్ నడిపించుకుంటూ రావడానికి గంట పట్టొచ్చు. వెళ్లే దూరం ఎప్పుడూ నడిచి తిరిగిరాగలిగినంతే ఉండాలి. మూడు నాలుగు కిలోమీటర్లు చాలు.

ఇతర దేశాల్లో ఏం చేశారో చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. 2020 మార్చిలో స్పెయిన్ అత్యవసర స్థితి ప్రకటించినప్పుడు సరదాకి సైకిల్ తొక్కడాన్ని పూర్తిగా ఆపేసింది. మే 2న గానీ పెద్దవాళ్లను వ్యాయామానికి బయటికి రానివ్వలేదు. ఫ్రాన్స్‌లో వ్యాయామానికి రోజుకు ఒక గంట, ఇంటి నుంచి ఒక కిలోమీటర్ అని గీత గీశారు. బ్రిటన్‌లో రోజుకొకసారి సైకిల్ తొక్కనిచ్చారు గానీ అడవుల్లోని మౌంటెన్ బైక్ సెంటర్లను మూసేశారు. న్యూజీలాండ్‌లో ఇంటి చుట్టుపక్కల సైకిల్‌కి అనుమతి ఇచ్చి, గుట్టల మీద మౌంటెన్ బైకింగ్ వద్దన్నారు. ఆంక్షలు ఒక మెట్టు తగ్గించాక కూడా అనుభవం ఉన్నవాళ్లు తమకు తెలిసిన బాటల మీదే తొక్కమన్నారు. ఒక్కో దేశం ఒక్కో రూల్ పెట్టింది గానీ కారణాల్లో ఇదీ ఒకటి. ఎవరైనా పడితే అంబులెన్సు, డాక్టరు, మంచం అన్నీ కోవిడ్ రోగుల నుంచి తీసి ఇవ్వాల్సి వస్తుంది. మన దగ్గర అప్పుడు అలాంటి ప్రత్యేక రూల్ లేదు. కాబట్టి ఆ గీత మనమే గీసుకోవాల్సి వచ్చింది.

డబ్బాలో వచ్చిన సైకిల్ అయితే

షాపులు మూసి ఉండటంతో చాలామంది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. డబ్బా మీద "85 శాతం బిగించి ఉంది" అని రాసి ఉంటుంది. మిగిలిన 15 శాతంలో హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు ఉంటాయి. మనిషి ప్రాణం ఆధారపడేది ఎక్కువగా వీటి మీదే. నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, ఫోర్క్ వెనక్కి తిరిగి ఉందేమో. డబ్బాలో పట్టడానికి హ్యాండిల్ తిప్పి పెడతారు, తీశాక అలాగే బిగించేస్తారు. డిస్క్ బ్రేక్ ఉంటే ముందు బ్రేక్ క్యాలిపర్ మీ ఎడమ చేతి వైపు ఫోర్క్ కాలికి, వెనక భాగంలో ఉండాలి. రబ్బరు బ్రేక్ అయితే అది ఫోర్క్‌కు ముందు వైపు కనపడాలి. తిరగేసి ఉన్న సైకిల్ నడుస్తుంది, కానీ హ్యాండిల్ అదురుతుంది, మలుపులో చక్రం కాలి వేళ్లకు తగులుతుంది.

రెండు, పెడళ్లు. కుడి పెడల్ మరలు మామూలుగా బిగుస్తాయి. ఎడమ పెడల్ మరలు ఉల్టా. రెంటి ఇరుసు మీదా కుడి, ఎడమ గుర్తులుంటాయి. సులువుగా గుర్తుంచుకోవాలంటే, పానా పైకొనను ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్లూ బిగుస్తాయి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో తిరగకపోతే మర తప్పినట్టే. బలవంతంగా పానా వేస్తే క్రాంక్ పాడైపోతుంది. సాధారణంగా దీనికి 15 నంబర్ పానా పడుతుంది.

మూడు, హ్యాండిల్. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా పట్టి, హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పడానికి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే స్టెమ్ బోల్టు వదులుగా ఉన్నట్టు. నాలుగు బోల్టులు ఉంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి పోకండి. ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి.

నాలుగు, చక్రాలు. నట్లు ఉంటే రెండు వైపులా బిగుతు చూడండి. క్విక్ రిలీజ్ పిడి ఉంటే, అది మూసేటప్పుడు అరచేతి మీద అచ్చు పడేంత గట్టిగా ఉండాలి. సులువుగా మూసుకుపోతే అది వదులే. తర్వాత సైకిల్‌ను జానెడు ఎత్తి కింద వదలండి. కడకడమని శబ్దం వస్తే ఏదో వదులుగా ఉంది. అది దొరికే దాకా ఎక్కకండి.

సైజు, సీటు

పిల్లవాడు ఎదుగుతాడు కదా అని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో మామూలు. బట్టల్లో నడుస్తుంది, గుట్ట మీద నడవదు. పాదాలు నేల మీద పెట్టి సైకిల్‌కు అటూ ఇటూ కాళ్లుంచి నిలబడినప్పుడు, పైన అడ్డంగా ఉన్న రాడ్డుకూ శరీరానికీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. అంత లేకపోతే ఆ సైకిల్ రోడ్డు మీదే.

సీటు ఎత్తు కొలవడానికి ఒకరు గోడను పట్టుకుని సైకిల్ ఎక్కాలి. పెడల్‌ను బాగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెట్టండి. కాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి. మరీ పైకి ఉంటే నడుం ఊగుతుంది. సీటు రాడ్డు మీద ఒక గీత గుర్తు ఉంటుంది. అది బయటికి కనపడేంత పైకి లాగకూడదు, రాడ్డు విరిగిపోతుంది.

ఈ ఎత్తు చదును రోడ్డుకూ, ఎక్కడానికీ. రాళ్ల బాట మీద దిగేటప్పుడు సీటును రెండు మూడు అంగుళాలు దించుకోవాలి. అప్పుడే శరీరాన్ని వెనక్కి జరపడానికి చోటు దొరుకుతుంది. ఒకే సైకిల్‌ను అన్నాదమ్ములు, అక్కాచెల్లెళ్లు పంచుకుంటున్న ఇళ్లలో ఒక చిట్కా. సీటు రాడ్డు మీద ఒక్కొక్కరి ఎత్తుకు ఒక్కో రంగు టేపు చుట్టండి. ఎవరు ఎక్కితే వాళ్ల టేపు దగ్గర బిగించుకుంటారు. పంచుకునే ముందు హ్యాండిల్ పిడులను సబ్బు నీళ్ల గుడ్డతో తుడవడం మరవద్దు.

బ్రేకులు: అన్నిటికన్నా ముందు ఇవే

మిగతావన్నీ సగం సగం ఉన్నా ఇంటికి చేరతారు. బ్రేకులు సరిగా లేకపోతే చేరరు. ముందుగా ఏ చేతి లివర్ ఏ చక్రానిదో పిల్లవాడికి నోటితో చెప్పించండి. మన దగ్గర ఎక్కువ సైకిళ్లకు కుడి చెయ్యి ముందు బ్రేకు, కానీ కొన్ని దిగుమతి సైకిళ్లకు తారుమారుగా ఉంటుంది.

రబ్బరు బ్రేకులైతే, లివర్ నొక్కినప్పుడు రబ్బరు మొత్తం రిమ్ మీదే పడాలి. టైరును తాకితే టైరు కోసుకుపోతుంది. రిమ్ కిందికి జారితే పుల్లల్లో ఇరుక్కుంటుంది. వదిలినప్పుడు రెండు పక్కలా రిమ్‌కూ రబ్బరుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు చాలు. రబ్బరు మీద ఉన్న గాడులు అరిగి నున్నగా అయితే మార్చేయండి.

డిస్క్ బ్రేకులైతే, ఆ పళ్లెం మీద వేలు పెట్టకండి, నూనె స్ప్రే చేయకండి. కొంచెం జిడ్డు తగిలినా పట్టు పోతుంది, కీచుమని అరుస్తుంది. కేబుల్‌తో నడిచే డిస్కుకు లివర్ దగ్గర ఒక చిన్న గుండ్రటి మర ఉంటుంది. దాన్ని బయటికి తిప్పుతూ పోతే కేబుల్ బిగుస్తుంది. లివర్‌ను పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌ను తాకకూడదు, మధ్యలో ఒక వేలు సందు మిగలాలి. చిన్న చేతుల పిల్లలకు లివర్ అందకపోతే, లివర్ లోపల ఉండే చిన్న స్క్రూ తిప్పి దగ్గరికి తేవచ్చు. చాలామందికి ఆ స్క్రూ ఉందనే తెలియదు.

పరీక్ష ఇలా చేయండి. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు పట్టి ముందుకు తోయండి, వెనక చక్రం లేవాలి. వెనక బ్రేకు పట్టి తోయండి, వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ రావాలి. ఈ రెండూ జరగకపోతే గుట్ట మాట ఎత్తకండి.

గాలి ఎంత?

టైరు పక్క గోడ మీద సైజుతో పాటు గాలి ఎంత పట్టించాలో రాసి ఉంటుంది. ఉదాహరణకు 26×1.95 టైరు మీద 40 నుంచి 65 పీఎస్‌ఐ అని ఉందనుకోండి. 60 కిలోల మనిషికి తారు రోడ్డు మీద 50 బాగుంటుంది. మట్టి బాట మీద ముందు 40, వెనక 43 లేదా 45 చాలు. గాలి కొంచెం తక్కువుంటే టైరు నేలను ఎక్కువగా పట్టుకుంటుంది, గులకరాళ్ల మీద ఎగరదు. గట్టిగా ఉండాలని 65 కొట్టిస్తే మొరం మీద గోలీల మీద నడిచినట్టుంటుంది.

అలాగని మరీ తగ్గించకూడదు. గాలి చాలనప్పుడు రాయికి కొడితే ట్యూబు రిమ్‌కూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటులాగా. పంక్చర్లో రెండు చిల్లులు కనిపిస్తే కారణం ముల్లు కాదు, గాలి తక్కువ.

పెట్రోల్ బంకులో కొట్టించేటప్పుడు జాగ్రత్త. ఎంటీబీలకు చాలావరకు మోటార్ సైకిల్ లాంటి వాల్వే ఉంటుంది కాబట్టి గొట్టం సరిపోతుంది. కానీ సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ. కంప్రెషర్ రెండు మూడు సెకన్లలో నింపేస్తుంది, ఇంకో సెకను ఎక్కువైతే ట్యూబు పేలుతుంది. మీటరున్న చేతి పంపు ఒకటి కొనుక్కుంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. మన గుట్టల దగ్గర సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఎక్కువ. ఒక విడి ట్యూబు, రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు, చిన్న పంపు సంచిలో ఉండాలి. పంక్చర్ షాపు తెరిచి ఉంటుందన్న ధీమా పనికిరాదు.

షాకప్, గేర్లు, చైన్

ముందు షాకప్‌లో స్ప్రింగు మీ బరువుకు కొంత దిగాలి. దాని కడ్డీకి చిన్న దారం కట్టి రబ్బరు సీలు దాకా జరపండి. గోడ పట్టుకుని మెల్లిగా ఎక్కి, కదలకుండా కూర్చుని, మెల్లిగా దిగండి. దారం సీలు నుంచి ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి. షాకప్ మొత్తం 100 మిల్లీమీటర్లు దిగేదైతే 20 నుంచి 25 మిల్లీమీటర్లు దిగితే సరిపోయింది. తక్కువ దిగితే పైనున్న నాబ్‌ను మైనస్ వైపు, ఎక్కువ దిగితే ప్లస్ వైపు తిప్పండి. కొలిచాక దారం విప్పేయండి. షాకప్‌ను బిగించే లాక్ ఉంటే బాట మీదికి దిగే ముందు తీసేయాలి. అది తారు రోడ్డు కోసం. ఇంకోమాట. తక్కువ ధర సైకిళ్ల షాకప్‌లు చిన్న గతుకులకే పనికొస్తాయి. షాకప్ ఉంది కదా అని రాళ్ల మీది నుంచి దూకితే సైకిలూ మిగలదు, మనిషీ మిగలడు.

గేర్లు ఎత్తు మొదలయ్యే ముందే మార్చుకోవాలి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే చైన్ పడిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది. ముందు పెద్ద పళ్ల చక్రం, వెనక కూడా పెద్దది ఒకేసారి వేయకండి. చిన్నది, చిన్నది కూడా వేయకండి. చైన్ వంకరగా లాగి త్వరగా అరుగుతుంది. గేరు మారేటప్పుడు టకటకమంటూ తటపటాయిస్తే, వెనక గేరు యంత్రం దగ్గర కేబుల్ చేరే చోట ఉన్న గుండ్రటి మరను పావు చుట్టు తిప్పి చూడండి. పెద్ద చక్రం మీదికి ఎక్కకపోతే బయటికి, దిగడానికి మొరాయిస్తే లోపలికి. పక్కనున్న రెండు చిన్న స్క్రూల జోలికి మాత్రం తెలియకుండా పోకండి. అవి తప్పితే చైన్ పుల్లల్లో పడుతుంది.

చైన్‌కు వంట నూనె, గ్రీజు వద్దు. రెండూ దుమ్మును పట్టుకుని ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. పాత గుడ్డతో తుడిచి, ఒక్కో కడీ మీద ఒక్కో చుక్క సైకిల్ చైన్ ఆయిల్ వేసి, పది నిమిషాలాగి పైనున్నది మళ్లీ తుడిచేయాలి. లోపల తడి, పైన పొడి. అరుగుదల చూడటానికి స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 కడీలు లెక్కపెడితే కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైన్ మార్చాల్సిన టైమొచ్చింది. అప్పుడే మారిస్తే ఒక్క చైన్‌తో పోతుంది. ఆలస్యం చేస్తే వెనక పళ్ల చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది.

హెల్మెట్, బట్టలు

మోటార్ సైకిల్ హెల్మెట్ కాదు, సైకిల్ హెల్మెట్ కావాలి. కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన దాని అంచు ఉండాలి. పట్టీలు చెవుల కింద కలవాలి. గడ్డం కింద ఒక వేలు పట్టేంత బిగుతు ఉండాలి. టోపీ మీద హెల్మెట్ పెడితే అది జారుతుంది, టోపీ జేబులో పెట్టుకోండి. అమ్మాయిలు పలచటి కాటన్ స్కార్ఫును తలకు అంటుకునేలా కట్టుకుని, పైన పిన్నులు లేకుండా హెల్మెట్ పెట్టుకోవచ్చు. హెల్మెట్ కింద పిన్ను, ముడి ఉంటే పడినప్పుడు తలకు గుచ్చుకుంటాయి.

ఎంటీబీలకు చైన్ మీద కవర్ ఉండదు. సల్వార్ పాయించా, అబాయా అంచు, దుపట్టా కొస చైన్‌లోనో వెనక చక్రంలోనో చుట్టుకుంటే మనిషి ఉన్నచోటే పడిపోతారు. చైన్ కుడి పక్క ఉంటుంది కాబట్టి కుడి పాయించాకు రబ్బరు బ్యాండు తప్పనిసరి. అమ్మాయిలు సైకిల్ తొక్కేటప్పుడు పొడుగు కుర్తా కింద బిగుతు అంచున్న పైజామా వేసుకుంటే పర్దాకూ ఇబ్బంది లేదు, చక్రానికీ అందదు. చెప్పులు వద్దు, బూట్లు కావాలి. లేసుల కొసలు లోపలికి దోపండి.

ఎక్కడికి? ఎవరితో?

వికారాబాద్ అనంతగిరి కొండలు బాగుంటాయి, మూసీ పుట్టేది అక్కడే. కానీ హైదరాబాద్ నుంచి 70 కిలోమీటర్ల పైమాట. 2021 లాక్‌డౌన్‌లో అవి కారు మీద సైకిళ్లు కట్టుకుని పోయే రోజులు కావు. పైగా అది రిజర్వ్ ఫారెస్టు. ఇంటి దగ్గర్లో ఉన్న మట్టి బాట చాలు. చెరువు గట్టు కావచ్చు, ఊరి బయట బండ్ల బాట కావచ్చు. ఖాజాగూడ వైపు ఉండేవాళ్లకు ఫక్రుద్దీన్ గుట్ట పక్కనే. అక్కడ హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, ఫాతిహాకు వచ్చే పెద్దలు నడుస్తుంటారు. మనుషులు కనిపించగానే వేగం తగ్గించి, గంట కొట్టి, సలాం చెప్పి, దూరంగా పక్కకి తప్పుకుని పోవాలి. ఎక్కడైనా సరే, దగ్గరి దారి అని ఖబ్రస్తాన్ గుండా సైకిల్ పోనివ్వకండి.

లాక్‌డౌన్‌లో పదిమంది గుంపుగా పోవడం రూల్ ప్రకారమూ తప్పుగా ఉండేది, ఆరోగ్యానికీ తప్పే. అలాగని గుట్ట మీద ఒంటరిగా పోవడమూ మంచిది కాదు. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు కలిసి పోవడం అన్నిటికన్నా మేలు. ఏ బాటన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి పోవాలి. నీళ్ల సీసా ఎవరిది వాళ్లదే. షవ్వాల్ ఆరు రోజాలు ఉంటున్నవాళ్లు ఎండలో గుట్ట ఎక్కకండి. సాయంత్రం ఇంటి దగ్గర సైకిల్ సర్వీసింగ్ చేసుకోండి.

మాస్కు సంగతి. 2021లో తెలంగాణలో బయట మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉండేది. మరోపక్క మాస్కు పెట్టుకుని తీవ్రమైన వ్యాయామం చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఈ రెంటికీ కలిపి ఒక్కటే దారి, జోరు తగ్గించుకోవడం. మాస్కుతో ఊపిరాడనంత వేగంగా తొక్కుతున్నారంటే అది అక్కర్లేని వేగం. రొప్పు వస్తే మనుషులకు దూరంగా ఆగి, ఊపిరి తీసుకుని కదలండి.

బాట మీద ఎలా తొక్కాలి

రోడ్డు మీద కూర్చుని తొక్కుతాం. రాళ్ల బాట మీద దిగేటప్పుడు లేచి నిలబడాలి. రెండు పెడళ్లూ నేలకు సమానంగా, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచి, నడుం సీటుకు కొంచెం వెనక్కి. ఇలా ఉంటే గతుకు వచ్చినప్పుడు సైకిల్ కింద ఊగుతుంది గానీ మనిషి ఊగడు. ఒక పెడల్ కిందికి ఉంచి దిగితే అది రాయికి తగిలి పడేస్తుంది.

చూపు ముందు చక్రం మీద కాదు, ఐదారు మీటర్ల ముందుండాలి. ఏ రాయిని చూస్తూ పోతామో సైకిల్ దానికే పోయి తగులుతుంది. తప్పించుకునే సందును చూడండి.

బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. ఆపే బలం ముందు బ్రేకులోనే ఎక్కువ. కానీ దాన్ని ఒక్కసారిగా నొక్కితే హ్యాండిల్ మీది నుంచి ఎగిరి పడతారు. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే చక్రం జారుతుంది. రెండూ కలిపి, ఒకటి రెండు వేళ్లతో, మెల్లిగా. మొరం, ఇసుక మీద ముందు చక్రం తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు అసలు తాకవద్దు.

మృగశిర దగ్గరికొస్తే మొదటి వానలు మొదలవుతాయి. ఎండాకాలమంతా పేరుకున్న దుమ్ము తడిస్తే మన నల్లరాతి బండలు సబ్బు పూసినట్టు జారతాయి. తడి రిమ్‌ల మీద రబ్బరు బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. వాన పడిన రోజు, మరుసటి ఉదయం గుట్ట మానేయండి. తడి మట్టిలో తొక్కితే బాటకు గాళ్లు పడి నడిచేవాళ్లకూ కష్టమవుతుంది.

ఒక్క మాట పెద్దలు పిల్లలకు గట్టిగా చెప్పాలి. అనుమానం వస్తే దిగి నడవాలి. దిగి నడిచినవాడు పిరికివాడు కాడు. ఇంతకు ముందు ఎన్నడూ దిగని వాలు, ఎన్నడూ చేయని దూకుడు నేర్చుకోవడానికి లాక్‌డౌన్ సరైన సమయం కాదు. వీడియో తీయడానికి అసలే కాదు. ఎక్కువ ప్రమాదాలు తిరుగు ప్రయాణంలో, అలసిపోయాక జరుగుతాయి. కాబట్టి "ఇంకొక్క రౌండు" అనిపించినప్పుడే ఇంటి దారి పట్టండి.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు

పాజిటివ్ వచ్చి ఇంట్లోనే తగ్గిపోయినా వెంటనే సైకిల్ ఎక్కకూడదు. లక్షణాలన్నీ పోయాక కనీసం ఒక వారం ఆగి, మొదట నడక, తర్వాత చదును రోడ్డు మీద పది పదిహేను నిమిషాలు, అలా మెల్లిగా పెంచుకోవాలి. ఆసుపత్రిలో చేరినవాళ్లు, ఆక్సిజన్ పెట్టించుకున్నవాళ్లు, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే అక్కడే ఆగి డాక్టర్‌కు చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే మీరు బాగానే ఉన్నా బయటికి పోకండి.

పడితే ఏం చేయాలి

చర్మం గీరుకుంటే సబ్బు, శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, మట్టి, టూత్‌పేస్టు పూయకండి. తుప్పు, మట్టి తగిలిన గాయమైతే టీటీ ఇంజెక్షన్ సంగతి దగ్గర్లోని డాక్టర్‌ను అడగండి. మణికట్టు, భుజం ఎముక వాచి, కదిలిస్తే తట్టుకోలేని నొప్పి ఉంటే దుపట్టాతో చేతిని ఛాతీకి ఆనించి కట్టి తీసుకురండి. ఎముకలు సరిచేస్తానని ఎవరైనా లాగితే లాగనివ్వకండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు, గందరగోళపు మాటలు ఉంటే కోవిడ్ భయంతో ఇంట్లో ఆపకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి పోకుండా జాగ్రత్తపడాలన్నది పడకముందు మాట. పడ్డాక నిజంగా అవసరమైతే పోవాల్సిందే.

ఒంటెను కట్టేసి, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టుకోవాలన్న ప్రవక్త (స) బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సైకిల్ విషయంలో కట్టేయడం అంటే బ్రేకులు చూడటం, నట్లు బిగించడం, గాలి కొలవడం, హెల్మెట్ పెట్టడం, వద్దనిపించిన చోట దిగడం. ఈ ఆదివారం ఉదయం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వాళ్ల చేతే చేయించండి. సైకిల్ బాగుపడుతుంది, పానా పట్టడం వస్తుంది, రెండు గంటలు ఫోన్ కూడా పక్కన ఉంటుంది. లాక్‌డౌన్ పోయినా గుట్టలు అక్కడే ఉన్నాయి. ఇన్షా అల్లాహ్ ఇంకొంచెం ఎత్తు ఎక్కవచ్చు.